ఆగి ఉన్న కారుకు డ్రైవర్ ఎవరు?

కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారం తయారుచేసినవాళ్లు జన్మలో కారు పార్క్ చేసినట్టు లేరు. ప్రమాదం జరిగినప్పుడు నడుపుతున్నదెవరు, లైసెన్స్ నంబరెంత, ఎంత స్పీడులో వెళ్తున్నారు, పక్కన ఎవరు కూర్చున్నారు అని వరసగా గళ్లు. మా కారు ఆ టైంలో రోడ్డు వారన, గోడ నీడలో, హ్యాండ్‌బ్రేక్ వేసుకుని బుద్ధిగా నిలబడి ఉంది. ఎవరో రివర్స్‌లో వచ్చి దాని మూతి పగలగొట్టి వెళ్లిపోయారు.

మరీ దయలేని మనిషి కాదు. వైపర్ కింద చీటీ పెట్టారు. ‘సారీ అండి, చూసుకోలేదు, ఫోన్ చెయ్యండి’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద నంబరు కూడా వేశారు. ఒక అంకె తక్కువ.

మా బావమరిదికి లెక్కలంటే ఇష్టం. పోయిన అంకె పది చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు, అది పది అంకెల్లో ఏదైనా కావొచ్చు, మొత్తం వంద, రిపీట్ అయ్యేవి తీసేస్తే 91 అని తేల్చాడు. “91 ఫోన్లే కదా బావా” అని నా ఫోన్ తీసుకుని మొదలుపెట్టేశాడు కూడా. ఎవరో పెద్దాయన తనకు కారే లేదని చెప్పి, ఎందుకు లేదో మోకాళ్ల నొప్పి దగ్గర్నుంచి వివరించడం మొదలుపెట్టాక ఆ దర్యాప్తు ఆగింది. ఆయన ఇప్పటికీ నాకు గుడ్ మార్నింగ్ మెసేజీలు పంపుతున్నాడు.

ఇక ఇన్సూరెన్సే దిక్కు. హెల్ప్‌లైన్‌లో అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

“యాక్సిడెంట్ టైంలో డ్రైవర్ ఎవరు సార్?”

“ఎవరూ లేరమ్మా. బండి ఆగి ఉంది.”

“ఓకే సార్. ఆగి ఉన్నప్పుడు ఎవరు డ్రైవ్ చేస్తున్నారు?”

“ఎవరూ చెయ్యట్లేదు. పార్క్ చేసి ఉంది.”

“అర్థమైంది సార్. కానీ డ్రైవర్ పేరు లేకపోతే సిస్టమ్ ముందుకెళ్లదు.”

కారు పార్క్ చేసిన మనిషి పేరు వేద్దామని చివరికి ఆవిడే దారి చూపించింది. స్పీడు దగ్గర సున్నా కొడితే సిస్టమ్ తీసుకోలేదట. ఒకటి కొట్టమంటారా అని అడిగింది. నేను వద్దన్నాను. రేపు కోర్టులో ఆ ఒక్క కిలోమీటరుకు ఎవరు జవాబు చెప్తారు?

వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్ కారు వైపు చూడలేదు. నా వైపు చూసి “ఇన్సూరెన్సా సార్, క్యాషా?” అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు తెలిసేదాకా ఏ బంపరూ ఎంత పగిలిందో తెలియదు. ఇన్సూరెన్స్ అనగానే అప్పుడు వంగి చూశాడు. బంపర్, ఎడమ హెడ్‌లైట్, ఫెండర్ అని ఎస్టిమేట్ రాశాడు. మర్నాడు బంపర్ విప్పాక లోపల బ్రాకెట్ విరిగింది, ఫోమ్ నలిగింది, కొన్ని క్లిప్పులు పోయాయి అని సప్లిమెంటరీ ఎస్టిమేట్ వచ్చింది. బయటినుంచి పిడికెడు కూడా లేని సొట్ట వెనక ఇంత సంసారం ఉందని నాకు తెలియదు.

ఇదంతా విని మా మావయ్యకు కోపం వచ్చింది. “మా రోజుల్లో బంపర్ అంటే ఇనుము. గుద్దితే గోడ పడేది.” ఆయన చెప్పిందాంట్లో అతిశయం ఉన్నా అబద్ధం లేదు. కానీ కారంతా అంత గట్టిగా ఉంటే దెబ్బ మొత్తం లోపలి మనుషులకే తగులుతుంది. ముందూ వెనకా నలగాలి, మధ్యలో మనుషులున్న చోటు మాత్రం నలగకూడదని బేలా బరేని అనే ఇంజనీరు 1950ల మొదట్లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1959లో మెర్సిడెస్ అలాంటి కారునే అమ్మకానికి తెచ్చింది. ఇక బంపర్ల సంగతైతే, గంటకు 5 మైళ్ల వేగంతో ఎదర దేన్నైనా తాకినా లైట్లూ గట్రా చెడిపోకూడదని 1973 మోడల్ కార్లకు అమెరికాలో రూల్ పెట్టారు. 1982లో దాన్ని 2.5 మైళ్లకు తగ్గించేశారు. ఇదంతా మావయ్యకు ఓపిగ్గా చెప్పాను. మనుషుల కోసమే కారు నలుగుతుంది మావయ్యా అని కూడా అన్నాను.

“అందులో మనుషులు లేరుగా” అన్నాడాయన.

నష్టం ఎంతో చూసి లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చే రోజున బావమరిది నాకంటే ముందే వర్క్‌షాపుకు చేరాడు. కారు కుడి తలుపు మీద పాత గీత ఒకటి ఉంది. “ఎలాగూ పెయింట్ వేస్తారు, అది కూడా ఇందులో కలిపేద్దాం బావా” అన్నాడు. నేను ఔననేలోపు, కాదనేలోపు సర్వేయర్ వచ్చేశాడు. సన్నటి మనిషి, మాటలు తక్కువ. పగిలిన బంపర్ దగ్గర కూర్చుని, ఎదుటి కారు నుంచి అంటిన తెల్లరంగును వేలితో రుద్ది చూశాడు. దెబ్బ నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి ఫొటో తీశాడు. తర్వాత బావమరిది ఎంతో మామూలుగా ఆనుకుని నిలబడ్డ తలుపు దగ్గరికొచ్చి “కొంచెం జరగండి” అన్నాడు. గీతలో గోరు పెట్టి లాగాడు. గోటికి ఎర్రటి తుప్పు అంటుకుంది.

“ఇది కూడా మొన్న తగిలిందేనా సార్?”

“మొన్న వర్షం పడింది కదండీ” అన్నాడు బావమరిది.

సర్వేయర్ జేబురుమాలుతో గోరు తుడుచుకుని, ఏమీ రాసుకోకుండా ముందుకెళ్లాడు. తిట్టినా బాగుండేది.

అసలు చదువు తరుగుదల దగ్గర మొదలైంది. అంటే కొత్త ముక్క ఖరీదులో, పాతది వాడేశారు కదా అని ఇన్సూరెన్స్ వాళ్లు కోసుకునే వాటా. కారుకు ఒక వయసు ఉంటుందని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. పాలసీ ప్రకారం ఒక్కో ముక్కకూ ఒక్కో వయసు. ఇనుప భాగాలు మనుషుల్లాగే క్రమంగా పెద్దవవుతాయి. మూడో ఏడు నడుస్తున్న మా కారుకు 15 శాతం. ఫైబర్ గ్లాసుకు 30. గాజుకు అసలు వయసే రాదు, కోత సున్నా. ప్లాస్టిక్, రబ్బరు మాత్రం షోరూం గేటు దాటకముందే సగం ముసలివి, 50 శాతం. మా కారు ఆ రివర్స్ మనిషికి చూపించిన మొహం పూర్తిగా ప్లాస్టిక్.

నాకొక్కటే ఆశ మిగిలింది. “హెడ్‌లైట్ గాజే కదండీ?”

అడ్వైజర్ వేలు మడిచి దాని మీద కొట్టాడు. టక్ టక్‌మంది, ఖణ్‌మనలేదు. “పాలీకార్బొనేట్ సార్. ప్లాస్టిక్ కిందికే వస్తుంది.”

రంగు లెక్క ఇంకా ముచ్చటగా ఉంది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు రంగు ఖరీదనుకుని, అందులో సగం కోస్తారు. మిగతా మూడు వంతులు రంగు వేసిన చేతులవి కాబట్టి వాటికి తరుగు లేదు. పైగా కంపల్సరీ డిడక్టబుల్ అని, ఎలాగైనా మన జేబులోంచే పోయే ఇంకో కోత, వర్క్‌షాపులో దాన్ని ఫైల్ చార్జీ అంటారు. కొంచెం ఎక్కువ కట్టి తరుగుదల కొయ్యకుండా చేసుకునే జీరో డెప్ యాడ్-ఆన్ ఉంటే ఈ తరుగుదల గొడవ చాలావరకు తప్పేది. పాలసీ తీసుకునేటప్పుడు అది దండగ అని చెప్పిందెవరో గుర్తు చేద్దామని బావమరిది వైపు తిరిగాను. సరిగ్గా అప్పుడే అతనికేదో ఫోన్ వచ్చింది.

ఇంతా చేసి క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. 20, 25, 35, 45, 50 శాతం అని ఏటా ఒక్కో మెట్టు ఎక్కాలి. మేం రెండో మెట్టు మీద ఉన్నాం. తప్పు చెయ్యకపోయినా దిగిపోవాల్సిందే, ఎందుకంటే అది ‘నో క్లెయిమ్’ బోనస్ తప్ప ‘నో తప్పు’ బోనస్ కాదని మా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది. హెల్ప్‌లైన్ వాళ్లు అదే సంగతి హోల్డ్ మ్యూజిక్‌తో కలిపి చాలాసేపు చెప్పారు.

బండి వచ్చేసిందని ఫోన్ వస్తే వెళ్లాం. ముందు ‘పనితో పూర్తిగా సంతృప్తి చెందాను’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, తర్వాత కారు చూపించారు. ఎండలో బంపర్ ఒక రంగు, బానెట్ ఒక రంగు. అడ్వైజర్ నొచ్చుకోలేదు. “ప్లాస్టిక్ మీద, ఇనుము మీద మెటాలిక్ రంగు ఒకేలా కనబడదు సార్. కొంచెం నీడలోకి రండి” అని నన్ను షెడ్డులోకి తీసుకెళ్లాడు. నీడలో నిజంగానే బాగుంది.

“రేపు కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది సార్. పదికి పది ఇవ్వండి. తొమ్మిదిచ్చినా మాకు ఫెయిలే.”

ఫోన్ వచ్చింది. ఎనిమిది ఇచ్చాను. కాల్ కట్టయిందో లేదో అడ్వైజర్ లైన్లోకి వచ్చాడు.

“ఏంటి సార్, రెండు తగ్గించారు?”

“తరుగుదల అండి.”

అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు.

“పర్లేదు సార్. ఆ రెండూ సప్లిమెంటరీలో వేసి పంపండి.”