ఆ ఇంటి మాటలు తెలుగులోనే రాయనివ్వండి

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఫీల్డ్ వర్క్ కోసం నన్ను అమలాపురం దగ్గర వికలాంగులకు సాయం చేసే ఒక సంస్థకు పంపారు. వారానికి రెండు రోజులు అక్కడ, మిగతా రోజులు క్లాసులు. చేరి మూడు వారాలే అయింది కానీ ఒక విషయం మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను.

మొదటి వారమంతా ఫైళ్లు చదివాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచిందని, వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయని పరీక్షకు బట్టీ పట్టినదాన్నే. ఆ శాతం కోసం ఒక కుటుంబం ఎంత తిరుగుతుందో మాత్రం ఇక్కడే చూశాను. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటేనే నెలకు 6,000 పింఛను. ఆ పరీక్షకు స్లాట్ కోసం సచివాలయం చుట్టూ తిరగాలి, స్లాట్ దొరికితే ఆస్పత్రికి వెళ్లాలి. లంకల్లో ఉండేవాళ్లకైతే ముందు పడవ, ఆ తర్వాత ఆటో. ఎదిగిన కొడుకుని రేవులో ఇద్దరు పట్టుకుని దించాలి. గోదావరికి వరదొచ్చి కాజ్‌వే మునిగిన రోజున స్లాట్ ఉంటే, అది పోయినట్టే.

రెండో వారం హోమ్ విజిట్‌కి వెళ్లాం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు స్వాధీనంలో ఉండని స్థితి) ఉన్న అబ్బాయి, పంతొమ్మిదేళ్లు. వాళ్లమ్మగారు మంచం పక్కన పీట వేసి, "మావోడికి మాట నిదానమండి. మీరు కంగారుపడకుండా కూర్చుంటే అన్నీ చెప్తాడండి" అన్నారు. కూర్చున్నాను. చాలాసేపటికి అతను చెప్పింది ఒక్కటే: సాయంత్రాలు కాలవ గట్టు మీదికి వెళ్లాలనుందట. కుర్చీ చక్రాలు కొబ్బరితోట బురదలో దిగబడిపోతున్నాయట.

ఇంటికొచ్చి ఫీల్డ్ వర్క్ జర్నల్ రాశాను. మా కాలేజీలో అది ఇంగ్లీషులోనే రాయాలి. "కమ్యూనికేషన్ లిమిటెడ్, మదర్ కోఆపరేటివ్" అని రాశాను. టిక్ పడింది, మార్కులూ పడ్డాయి. సంస్థ ఫైల్లోకీ అదే వెళ్లింది. ఆ తల్లి నిదానమంటే నేను తక్కువని రాశాను. కాలవ గట్టు మాటకైతే ఫారంలో చోటే లేదు. ఈ సెమిస్టర్ అయ్యాక నేను వెళ్లిపోతాను, ఆ కాగితం మాత్రం అక్కడే ఉంటుంది. నా తర్వాత వచ్చే స్టూడెంట్ అది చదివి, ఇక అతన్ని అడగడమెందుకని నేరుగా వాళ్లమ్మతోనే మాట్లాడి వచ్చేస్తే? ఆ తప్పు నాది.

మూడో వారం ఆవిడే అడిగారు. "మా గురించి ఏం రాశారండి అమ్మాయిగారూ? ఓసారి చదవండి, ఆడూ వింటాడు." నోట మాట రాలేదు. పిన్నిగారూ, వచ్చే వారం తెస్తానని చెప్పి వచ్చేశాను.

ఇంగ్లీషు రాకపోతే పెద్ద సంస్థల్లో ఉద్యోగాలు రావని లెక్చరర్లు అంటారు. అది నిజమే, నాకూ ఉద్యోగం కావాలి. అలాగైతే చివర్లో విశ్లేషణ ఇంగ్లీషులో రాయించండి. కానీ వాళ్లింట్లో విన్న మాటలు వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. రాసింది వాళ్లకు చదివి వినిపించాకే ఫైల్లో పెట్టాలి. సులువైన భాష, పెద్ద అక్షరాలు, పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషి, ఇవన్నీ కమ్యూనికేషన్ కిందికే వస్తాయని 2016 చట్టమే చెబుతోంది. ఆ చట్టాన్ని మాకు పాఠంగా చెప్పే చోటే ఇది పాటించకపోతే ఎలా?

కాలేజీలో అడిగాను, ఇంకా ఏమీ చెప్పలేదు. సంస్థలో నన్ను చూసుకునే మేడమ్ మాత్రం తెలుగు కాపీ ఫైల్లో పెట్టడానికి ఒప్పుకున్నారు. రాత్రి కూర్చుని మొత్తం తిరిగి రాశాను. మొదటి పేజీలోనే కాలవ గట్టు గురించి ఉంది. ఈ గురువారం అతనికి చదివి వినిపిస్తాను. ఏదైనా మార్చమంటే అక్కడే మారుస్తాను.