చిక్కుడు పాదు మీద పేనుబంక

హన్మకొండలో మా మిద్దె మీద 19 తొట్లున్నాయి. వాటిలో పండేది నలుగురున్న మా ఇంటికి వారంలో రెండు పూటల కూరకు సరిపోతుంది. ఎండాకాలంలో అదీ ఉండదు. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటితే గ్రీన్ నెట్ కింద కూడా టమాటా పూత రాలిపోతుంది. బచ్చలి, గంగవాయిలి కూర మాత్రం ఎలాగో నిలబడతాయి. మిద్దె తోటతో ఇంటికి కావలసిన కూరగాయలన్నీ పండించుకోవచ్చని చెప్పేవారితో అందుకే నేను ఏకీభవించలేను. పైగా అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతున్న తొట్టిలో తడిమట్టి దాదాపు 50 కిలోలు తూగుతుంది. పాత స్లాబు ఎంత మోస్తుందో చూసుకోకుండా తొట్లు పెంచుకుంటూ పోకూడదు. అయినా ఐదేళ్లుగా ఈ తోటను వదలలేదంటే, దానికి మొదటి ఏడాది వేసిన చిక్కుడు పాదులే కారణం.

ఆ కార్తీకంలో పాదుల నిండా పూత. ఒక ఉదయం చూస్తే లేత కొసలన్నీ నల్లగా, జిగటగా ఉన్నాయి. ఆకుల రసం పీల్చే సన్నటి పురుగు, పేనుబంక. చీమలు బారులు తీరాయి. రెండు రోజుల్లో పూత ముడుచుకుపోయింది. మందుల దుకాణానికి వెళ్లి విషయం చెప్పగానే ఒక సీసా తీసి నా ముందు పెట్టారు. ఎన్ని మొక్కలని అడగలేదు, కొట్టాక ఎన్నాళ్లు ఆగి కాయ కోయాలో చెప్పలేదు. పోతే పోయాయని బజారులో పావుకిలో కొనుక్కోగలిగిన నేను, మూడంటే మూడు పాదుల కోసం ఆ సీసా మూత తిప్పేదాకా వెళ్లాను. పిల్లలు అక్కడే ఆడుకుంటున్నారు కాబట్టి ఆగాను.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో పెరిగినవాళ్లకు ఆ సీసా తెలుసు. 1997-98లో పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. అప్పుల్లో మునిగి ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు చేరినప్పుడు వరంగల్, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో తోటలకు తోటలే పోయాయి. ఇవన్నీ తెలిసి కూడా, రైతులు అవసరానికి మించి మందులు కొడుతున్నారని తేలిగ్గా అన్నదాన్ని నేను. మూడు పాదులకే నా చేయి సీసా మీదికి వెళ్లింది. వడ్డీకి డబ్బు తెచ్చి, కౌలుకు రెండెకరాలు పట్టిన మనిషికి ఆ రాత్రి నిద్ర ఎలా పడుతుంది?

చివరికి నీళ్లు బలంగా కొట్టి పురుగును కడిగాను. కుంకుడు రసంలో వేపనూనె కలిపి చల్లాను. పది రోజుల తర్వాత అక్షింతల పురుగులు వచ్చాయి, పేనుబంకను తినడం మొదలుపెట్టాయి. మొత్తం మూడు వారాలు పట్టింది. సగం కాపు పోయింది. ఆ సగం నాకు బరువు కాలేదు. రైతుకు లేనిది ఈ మూడు వారాల గడువే. జనగామ జిల్లాలోని ఏనెబావి రసాయనాలను వదలగలిగిందంటే ఊరంతా కలిసి వదిలింది కాబట్టి. ఒక్క రైతు మానేసి, చుట్టూ అందరూ కొడుతూ ఉంటే ఆ ఒక్కడికి నిలబడడం చాలా కష్టం.

ఇందులో నగరం పాత్ర చిన్నది కాదు. వంకాయలో పురుగు లోపలికి తొలుచుకుని పోయాక ఏ మందూ దానికి తగలదు. అందుకే పురుగు కనిపించకముందే, పదే పదే కొడతారు. మచ్చ లేని కాయే కావాలని బజారులో ఏరేది మనం. రసాయనాలు వదిలిన రైతులకు హన్మకొండ, కాజీపేటల్లో వారానికి ఒక రోజైనా విడిగా చోటివ్వాలి, అక్కడే మందుల అవశేషాలు పరీక్షించే ఏర్పాటు ఉండాలి. 2012లోనే తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేయడంలో పేరు తెచ్చుకున్న నగరం మన వరంగల్. 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయలో చెరువు మట్టి పొలాలకు చేరినట్టే, మన వంటింటి తొక్కలు కూడా ఎరువై ఆ పల్లెలకు తిరిగి వెళ్లాలి. ఇది ఖర్చుతో కూడిన పనే. పురుగుమందుల ఖర్చుతో పోల్చి చూస్తే పెద్దదేమీ కాదు.

మొన్న ఆదివారం బజారులో వంకాయలు ఏరుతుంటే, పక్క ఊరి నుంచి గంప తెచ్చుకున్న పెద్దావిడ నా చేయి పట్టుకుని ఆపింది. "అందులో పుచ్చులున్నాయి బిడ్డా, ఆ కుప్పలోవి తీసుకో" అంది. మందు ఎన్నిసార్లు కొట్టారని అడిగాను. ఈసారి కొట్టలేదట, కొనడానికి డబ్బు లేక. పుచ్చులున్న గంపలోవే కిలో తూచమన్నాను. ఇంటికి వచ్చి కోస్తే నాలుగింటిలో ఒకటి పనికిరాలేదు. ఆ ముక్కలు మిద్దె మీది ఎరువు డబ్బాలో వేశాను.