ఎడ్వర్డ్‌ని దాటి చార్లీ దాకా

2005లో ‘ట్విలైట్’ అనే వాంపైర్ (రక్తపిశాచి) ప్రేమ నవల వచ్చినప్పుడు దాన్ని లెక్కల పుస్తకం కింద దాచి చదివిన మన అమెరికా తెలుగు పిల్లలకు ఇప్పుడు ముప్పై దాటాయి. ఉద్యోగాలు, హోమ్ లోన్లు, కొందరికి చంటిపిల్లలు. ఎవరైనా ఆ పుస్తకం మాటెత్తితే చాలు, “అబ్బా, అదెలా చదివామే!” అని తలలు పట్టుకుంటారు. నేనూ ఆ బాపతే. కానీ అంత సిగ్గుపడాల్సిన పని లేదంటాను.

నవల మొదట్లో ఒక చోటుంది. ఫోర్క్స్ ఊళ్ళో రాత్రి వాన గడ్డకట్టి రోడ్లన్నీ జారుడుగా ఉంటాయి. కథానాయిక బెల్లా స్కూల్లో ట్రక్కు దిగి చూస్తే టైర్లకు స్నో చెయిన్లు, మంచు మీద జారకుండా బిగించేవి. ఆ ఊరి పోలీస్ చీఫ్ అయిన వాళ్ళ నాన్న చార్లీ, ఏ వేళప్పుడు లేచాడో ఏమో, బిగించి పెట్టాడు. ఆమెకు గొంతు పూడుకుపోతుంది. అంతలోనే ఒక వ్యాన్ జారుకుంటూ మీదికి రావడం, ఆమె తర్వాత ప్రేమించబోయే వాంపైర్ ఎడ్వర్డ్ దాన్ని చేతుల్తో ఆపడం. పదమూడేళ్ళప్పుడు అందరం వ్యాన్ దగ్గరికే పరిగెత్తాం. చెయిన్లున్నాయన్న సంగతే గుర్తులేదు. ఇప్పుడు చదివితే అక్కడే ఆగిపోతాం. మనం లేచేసరికి కారు మీద మంచు గీకేసి, హీటర్ వేసి ఉంచి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగే నాన్నలు మిషిగన్‌లో మనకు తక్కువేం కాదు.

ఇక ఎడ్వర్డ్. 1918లో వాంపైర్‌గా మారి, పదిహేడేళ్ళకే వయసు ఆగిపోయినవాడు. అంటే కథ నాటికి నూరేళ్ళు దాటిన పెద్దమనిషి, చెప్పాపెట్టకుండా రాత్రుళ్ళు గదిలో దూరి అమ్మాయి నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. అప్పుడు ఎంత ప్రేమో అనుకున్నాం. ఇప్పుడైతే 911కి ఫోన్ చేస్తాం.

నా పేచీ పాఠకులతో కాదు, అమ్మేవాళ్ళతో. ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ అనే మాయాలోకపు ప్రేమ నవల 2015లో పుస్తకాల షాపుల్లో టీనేజ్ అరలోకి వచ్చింది. 2020లో కొత్త అట్ట వేసి పెద్దల అరకు మార్చారు. (అందులో పడకగది సీన్లు చూస్తే మొదటి అరే తప్పు, అది వేరే మాట.) చదివే అమ్మాయికి వయసు పెరిగితే అర కూడా ఆమె వెనకాలే నడిచొస్తోంది. పైగా ఫోన్ ఉందిగా, ఒకటి పూర్తి చేయగానే అచ్చం అలాంటివే పది చూపిస్తుంది. ఇంకోవైపు పోవాలన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన అమ్మలూ తక్కువ తినలేదు. యద్దనపూడి సులోచనారాణి హీరో కారు దిగుతుంటే గుండె చిక్కబట్టుకున్నవాళ్ళే. ఆవిడ 2018లో మన అమెరికాలోనే, కుపర్టినోలో కన్నుమూశారు. కాకపోతే అమ్మలకు పక్క పేజీ అనేది ఒకటుండేది. నవల కోసం ‘స్వాతి’ మాసపత్రిక తెరిస్తే, అందులోనే మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’లో ఇంగ్లీషు నవలల్ని కూర్చోబెట్టి కథ చెప్పినట్టు చెప్పేవారు. మంచి సాహిత్యం చదవవే అని ఎవరూ సతాయించలేదు. పేజీలు తిప్పుతుంటే అదే కళ్ళబడేది.

ఇక్కడి పిల్లలకు ఆ పక్క పేజీ మనమే పెట్టాలి. ‘మా అమ్మాయికి తెలుగు చదవడం రాదండీ’ అనకండి. ఓల్గా ‘విముక్త’ ఇంగ్లీషులో ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’గా దొరుకుతుంది. అడవులు, రాజులు, శాపాలు, అన్నీ ఉన్నాయి, మన అమ్మాయిలకు అలవాటైన సరంజామానే. అందులో సీత శూర్పణఖనూ అహల్యనూ కలుస్తుంది. రాముడి అందం గురించి కాదు, ఆ ఆడవాళ్ళు తర్వాత ఎలా బతికారన్నదాని గురించి మాట్లాడుకుంటారు.

ఈసారి మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో చీరల స్టాళ్ళ పక్కన ఇలాంటి పుస్తకాలకు ఒక బల్ల ఇవ్వండి. డ్రాగన్ల పుస్తకాలూ దాని మీదే పెడదాం, లేకపోతే పిల్లలు అటు రారు. నగల షాపుల దగ్గర తీసుకునే అద్దె మాత్రం మా దగ్గర అడగొద్దని కార్యవర్గానికి మనవి.