క్రియ కనబడగానే క్లాజ్ అయిపోదు
ఇంగ్లీషులో క్లాజ్‌కీ (ఉపవాక్యం) ఫ్రేజ్‌కీ (పదబంధం) తేడా చెప్పిన ఒక వ్యాసంలో, క్రియ ఉంటే క్లాజ్, లేకపోతే ఫ్రేజ్ అని తేల్చేశారు. అది సగమే కరెక్టు. ‘వెయిటింగ్ ఫర్ ద బస్ ఎట్ అలిపిరి’లో వెయిట్ అనే క్రియ ఉంది, అయినా స్కూల్ గ్రామర్ లెక్కలో అది ఫ్రేజే. చూడాల్సింది కర్త, దానికి తగ్గట్టు కాలాన్ని బట్టి మారే ఫైనైట్ వెర్బ్ ఉన్నాయా లేదా అని. వాక్యాన్ని నిన్నటికి మార్చి చూడండి: ‘వెన్ ద బస్ స్టాప్స్’ కాస్తా ‘స్టాప్డ్’ అవుతుంది, వెయిటింగ్ మాత్రం కదలదు. (పెద్ద గ్రామర్లలో దీన్నే నాన్-ఫైనైట్ క్లాజ్ అంటారు, పదో తరగతి పిల్లలకు ఆ గొడవ ఇప్పుడే వద్దు.) ముందున్న మాటను చూసి గుర్తుపట్టమనడమూ ప్రమాదమే. ‘ఆఫ్టర్ ద దర్శన్’ ఫ్రేజ్, ‘ఆఫ్టర్ వి హ్యాడ్ దర్శన్’ క్లాజ్. ‘బికాజ్ ఆఫ్ ద బస్ వాజ్ లేట్’ అని రాసే పిల్లలు ఇక్కడే జారుతున్నారు. ఆఫ్ ప్రిపోజిషన్, దాని వెనక నామవాచకమో ఇంగ్ రూపమో రావాలి. ‘ద బస్ వాజ్ లేట్’ కావాలంటే ఆఫ్ కొట్టేయాలి. వ్యాసం అసలు ముట్టని చిక్కు ఇంకొకటుంది. ‘నిన్న నేను కొన్న పుస్తకం బాగుంది’లో సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) ఒక్కటే, ‘కొన్న’ పుస్తకానికి ముందు విశేషణంలా కూర్చుంటుంది. ఇంగ్లీషులో అదే పూర్తి క్లాజై నామవాచకం తర్వాతికి వెళ్లాలి: ‘ద బుక్ దట్ ఐ బాట్ ఎస్టర్డే ఈజ్ గుడ్’. మన వరసలోనే పెడితే ‘ఎస్టర్డే ఐ బాట్ బుక్ ఈజ్ గుడ్’ అవుతుంది, పిల్లల జవాబు పేపర్లలో కనబడేది అదే. అందుకే నిర్వచనాలు బట్టీ పట్టించేకన్నా, ముందు ఫైనైట్ వెర్బ్‌ల కింద గీత గీయించండి, తర్వాత ఒక్కోదానికి కర్త ఎవరో అడగండి.