ఆట అయ్యాక అరగంట

డిసెంబరు సెలవుల్లో మన సంఘం పిల్లల్ని గుంటూరు తీసుకెళ్లినప్పటి గొడవ వాట్సాప్‌లో అందరూ చదివే ఉంటారు: మిర్చి యార్డు ఆట అయ్యాక దాని గురించి పిల్లలతో మాట్లాడాల్సిన అరగంటని కమిటీ సన్మానాలకి ఇచ్చేసింది. ఆ ఆట ఆడించింది నేనే కాబట్టి నాలుగు ముక్కలు నావీ వినండి.

అరండల్‌పేటలో హాలు. కుర్చీలు పక్కకి లాగి మిర్చి యార్డు పెట్టాం. ఒక్కో అట్టపెట్టె ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా. ఆరుగురు రైతులు, ఇద్దరు కమీషన్ వ్యాపారులు, ముగ్గురు కొనేవాళ్లు, మూలన కోల్డ్ స్టోరేజీ. విడత విడతకీ రేటు మారుతుంది. పదకొండేళ్ల బుడ్డోడు పైన ఎర్రకాయ పరిచి అడుగున తాలుకాయ (రంగు పోయిన నాసికాయ) సర్దేశాడు. ఎవరు నేర్పారు వాడికి!

ఇంకో పిల్ల ముందురోజు నన్నడిగింది: "రేటు పెరిగేదాకా తాతయ్య మిర్చి అమ్మకుండా ఆగొచ్చుగా, బాబాయ్?" ఆటలో అప్పుచీటీ ఆ పిల్లకే పడింది. అప్పిచ్చిన కొట్టులోనే అమ్మాలి, వడ్డీ ఆగదు. మొదటి విడతలోనే అమ్మేసి, పెన్ను కొరుక్కుంటూ కూర్చుంది. మా నాన్న గుర్తొచ్చాడు. యార్డు నుంచి రాగానే చొక్కా వాకిట్లోనే విప్పేవాడు, ఘాటుకి ఇంట్లో అందరికీ తుమ్ములు. కమీషను, హమాలీ, తరుగు పోగా చీటీలో మిగిలింది చూసి అమ్మ మాట్లాడకుండా వంటింట్లోకి పోయేది. రేటెంత అని మేం అడిగేవాళ్లం కాదు.

సరిగ్గా అప్పుడే మైకులో పిలుపు: సన్మానాలు మొదలు!

శాలువాలంటే నాకేం పడకపోవడం కాదు, మా బీరువాలోనూ రెండున్నాయి. ఆటతో గుణింతాలు రావన్న కమిటీ మాటా నిజమే. "పిల్లలు ఎంజాయ్ చేశారుగా, ఇంకేం కావాలి?" అన్నారు చూడండి, అదే గుచ్చుకుంది. అనుభవంతో చదువు గురించి 1984లో పుస్తకం రాసిన డేవిడ్ కోల్బ్ లెక్కలో చేయడం ఒక మెట్టే. చేసినదాన్ని తిరగేసి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, దాన్ని మళ్లీ వాడి చూడటం మిగతా మూడు. అమెరికాలోని ఎంఐటీలో దశాబ్దాలుగా ఆడిస్తున్న బీర్ గేమ్ అనే సరుకు సరఫరా ఆట కూడా అంతే (బీరు పేరులోనే ఉంటుంది లెండి). దుకాణం, హోల్‌సేలు, పంపిణీ, ఫ్యాక్టరీ ఒకరినొకరు తిట్టుకుంటారు. ఆట ఆపి అందరి ఆర్డర్లూ గీసి చూపిస్తేగానీ తప్పు మనుషులది కాదు, ఆ అమరికదేనని తెలీదు.

మనం కోసేసింది ఆ అరగంటనే. వచ్చే డిసెంబరులో సన్మానాలు పొద్దున్నే కానిచ్చేయండి, మీ కాళ్లు పట్టుకుంటాను. తాలుకాయ సర్దినవాణ్ణీ, కొని మోసపోయినవాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించనివ్వండి.

మర్నాడు బస్సులో ఆ పిల్ల వెనక సీట్లోంచి నా భుజం తట్టింది. "బాబాయ్, నా అప్పు తీరిందా, ఇంకా ఉందా?"

లెక్కల చార్టు కోసం సంచంతా వెతికాను. రాత్రి మిరపకాయ బజ్జీల కింద పరిచారట.