కరపత్రం చదవని నేరం

ఏటా జూలై 30వ తేదీ రాత్రి ప్రపంచంలోని అనేక నగరాల్లో ప్రభుత్వ భవనాలూ స్మారక కట్టడాలూ నీలిరంగు దీపాలతో వెలిగిపోతాయి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2013లో ఆ రోజును మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినంగా ప్రకటించింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2009లో, సమితికి చెందిన మాదకద్రవ్యాలు, నేరాల నియంత్రణ కార్యాలయం ‘నీలి హృదయం’ పేరిట ప్రచారం ప్రారంభించి, ఏ రంగు దీపాలు పెట్టాలన్న విషయంలో ప్రభుత్వాలకు మీమాంస లేకుండా చేసింది. నేరం చీకట్లో జరుగుతుంది కనుక వెలుతురు పెడితే ఆగిపోతుందన్న ఈ తర్కాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం భావ్యం కాదు. దీపాలు పెట్టిన భవనం మెట్ల మీద ఆ రాత్రి ఒక్క మనిషిని కూడా ఎవరూ అమ్మలేదని ఏ ప్రభుత్వమైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలదు.

ఈ దినోత్సవాలను శ్రద్ధగా గమనిస్తూ వచ్చిన ఈ వ్యాసకర్తకు ఒక సత్యం బోధపడింది. మనిషిని అమ్మినవాడికి తాను చేస్తున్నదేమిటో తెలుసు. కొన్నవాడికి ఎంతకు కొన్నాడో పైసలతో సహా తెలుసు. మధ్యలో చేతులు తడుపుకున్నవాడికి ఆ రెండు సంగతులూ తెలుసు. తెలియనివాడు ఒక్కడే, వాడు అమ్ముడుపోయినవాడు. అందుచేత అవగాహన లోపం ఎవరిదో వాడికే అవగాహన కల్పించాలని ప్రభుత్వాలు తీర్మానించుకోవడంలో న్యాయశాస్త్రపరంగా వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. దొంగతనాలను అరికట్టడానికి దొంగను పట్టుకోవడం కన్నా ఇంటివాడిని మేలుకొని ఉండమనడం ఖర్చు తక్కువ పని అని పరిపాలన తెలిసినవారెవరైనా ఒప్పుకుంటారు.

అంతర్జాతీయ ఒప్పందాలు ఈ మార్గానికి అడ్డు తగులుతున్నాయని కొందరు గొణుగుతుంటారు. 2000 నవంబరులో సర్వసభ్య సభ ఆమోదించగా ఇటలీలోని పాలెర్మో నగరంలో దేశాలు సంతకాలు చేసిన, మనుషుల అక్రమ రవాణాను అరికట్టే ఒప్పందాన్ని వారు పదేపదే ఉదహరిస్తారు. దాని తొమ్మిదో అధికరణం నేర నివారణకు సంబంధించినది. అందులో రెండో క్లాజు పరిశోధనలు, ప్రచార కార్యక్రమాలు, సామాజిక ఆర్థిక చర్యలు వంటివి చేపట్టడానికి దేశాలు ‘ప్రయత్నించాలి’ అంటుంది. నాలుగో క్లాజు మాత్రం పేదరికం, వెనుకబాటుతనం, సమానావకాశాల లేమి వంటి, మనుషులను ఈ ఉచ్చులోకి నెట్టే కారణాలను తగ్గించే చర్యలు ‘తీసుకోవాలి’ అంటుంది. ఒకచోట ప్రయత్నిస్తే చాలు, మరొకచోట చేసి తీరాలి. ప్రభుత్వాలు ఈ రెండు క్రియాపదాలనూ గౌరవించాయి, కాకపోతే కొంచెం తారుమారుగా గౌరవించాయి. ప్రచారాన్ని తప్పనిసరిగా చేస్తున్నాయి, పేదరికం విషయంలో ప్రయత్నిస్తున్నాయి. రెండో క్లాజులో సైతం ‘ప్రచార కార్యక్రమాలు’ అన్న మాట దాకా చదివి పుస్తకం మూసేసిన అధికారిని తప్పుపట్టలేం. మధ్యాహ్న భోజన విరామం మానవ సహజం.

గోడపత్రికను కూడా ఒకసారి పరికించాలి. దేశమేదైనా, భాషేదైనా, దాని మీద బొమ్మ ఒకటే: నల్లని నేపథ్యం, రెండు చేతులు, మణికట్లకు గొలుసో తాడో, ఒక మూల టెలిఫోను నంబరు. చూసేవాడికి గగుర్పాటు కలుగుతుంది, తన చేతుల వంక చూసుకుంటాడు, గొలుసు లేదు, నిశ్చింతగా వెళ్లిపోతాడు. అతని జేబులో మాత్రం తాను చదవలేని భాషలో ఉన్న ఉద్యోగ ఒప్పందం ఉంటుంది, దాని కోసం చేసిన అప్పు ఉంటుంది, దిగిన మరుక్షణం యజమాని అడిగి తీసుకోబోయే పాస్‌పోర్టు ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమను పసిగట్టడానికి 11 సూచికలు ఇచ్చింది. వాటిలో మోసం ఉంది, ఒంటరిని చేయడం ఉంది, బెదిరింపు ఉంది, గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం ఉంది, జీతం ఆపేయడం ఉంది, అప్పుతో కట్టివేయడం ఉంది, మితిమీరిన పనిగంటలు ఉన్నాయి. శారీరక హింస కూడా ఉంది, నిజమే. గొలుసు పేరెత్తిన సూచిక మాత్రం ఒక్కటీ లేదు. అయితే ఆపేసిన జీతాన్ని బొమ్మ వేయడం ఏ చిత్రకారుడికైనా కష్టమే.

పేరు దగ్గర మన భాష కూడా ప్రభుత్వాలకు చేతనైన సాయం చేసింది. ‘అక్రమ రవాణా’ అనగానే ఇసుకా కలపా గుర్తొస్తాయి, లారీ గుర్తొస్తుంది, చెక్‌పోస్టు గుర్తొస్తుంది. లారీని ఆపి, టార్పాలిన్ ఎత్తి, కింద మనుషులు లేరని నిర్ధారించుకుంటే విధి నిర్వహణ పూర్తయినట్టే తోస్తుంది. పాలెర్మో నిర్వచనంలో తరలించడం ఒక భాగం మాత్రమే. దోపిడీ కోసం బలవంతం చేసో, మోసగించో, నిస్సహాయతను వాడుకునో మనిషిని చేర్చుకున్నా, ఆశ్రయమిచ్చి అట్టిపెట్టుకున్నా, ఎవరో పంపితే స్వీకరించినా అదే నేరం. పిల్లల విషయంలో బలవంతమో మోసమో జరిగిందని చూపించాల్సిన అవసరం కూడా లేదు. పుట్టిన ఊరి పొలిమేర దాటకుండానే మనిషి ‘రవాణా’ అయిపోవచ్చు. ఆ సంగతి లారీ డ్రైవర్లకు అవగాహన కల్పించే కరపత్రంలో ఇమడదు.

కరపత్రంలోని హితవచనాల విషయానికి వస్తే, అవి ఎవరూ కాదనలేనివి. అపరిచితులను నమ్మవద్దు. లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లండి. ఒప్పందాన్ని జాగ్రత్తగా చదవండి. జీతం నమ్మశక్యం కానంత ఎక్కువగా ఉంటే అనుమానించండి. ఇందులో చివరిదే గొప్ప సలహా. ఎందుకంటే ఉన్నచోట పని దొరకనివాడికి, దొరికినా కూలి గిట్టనివాడికి, ఏ జీతమైనా నమ్మశక్యం కానంత ఎక్కువే. ఆ లెక్కన అతడు ప్రతి ఉద్యోగాన్నీ అనుమానించి ఇంటి దగ్గరే కూర్చుని కరపత్రాన్ని మళ్లీ చదువుకోవాలి. ఏజెంటు చెప్పేదాంట్లో సగం అబద్ధమని వెళ్లేవారిలో చాలామందికి ముందే తెలుసు. మిగిలిన సగం కోసమే వాళ్లు వెళ్తారు.

ఉద్యోగం ఇప్పించే సంస్థలు కార్మికుల దగ్గర ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ రుసుము వసూలు చేయకూడదన్న నియమాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే ఒక ఒప్పందంలో, కొద్దిపాటి మినహాయింపులతో, చేర్చింది. ప్రపంచ దేశాల్లో సగం కూడా దాన్ని నేటికీ ఆమోదించలేదు. ఆ నియమం అమలైతే మనిషి అప్పు లేకుండా బయలుదేరతాడు. అప్పు లేనివాడు పని నచ్చకపోతే వెనక్కి వచ్చేస్తాడు. వెనక్కి రాగలిగినవాడిని కట్టిపడేయడం దుర్లభం. ఇంత పని ఒక్క రుసుము నిషేధంతో జరిగిపోతే గోడపత్రికలు అచ్చువేసేవారి గతేమిటన్న మానవతా దృష్టి బహుశా ప్రభుత్వాలను ఆపి ఉంటుంది.

చదువులేనితనమే ఇందుకంతటికీ మూలమన్న సిద్ధాంతానికి ఈమధ్య ఒక చిక్కు వచ్చిపడింది. కంబోడియా, మయన్మార్ వంటి చోట్ల ప్రహరీగోడల మధ్య మనుషులను నిర్బంధించి, వాళ్ల చేత ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్న ముఠాల గురించి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో ఒక నివేదిక ఇచ్చింది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలా చిక్కుకుని ఉండవచ్చని అందులోని అంచనా. వీరిలో చాలామంది బాగా చదువుకున్నవారు, కంప్యూటరు తెలిసినవారు, రెండు మూడు భాషలు వచ్చినవారు. ఉద్యోగ ప్రకటన చూసి, ఇంటర్వ్యూకి హాజరై, టికెట్టు అందుకుని, విమానంలో కూర్చుని వెళ్లినవారు. దారిలోని విమానాశ్రయంలో గొలుసుల బొమ్మ ఉంటే దాన్నీ చూసే వెళ్లి ఉంటారు. వాళ్ల చేతులకు అప్పుడు ఉన్నది చేతి గడియారం.

విమానాశ్రయం ప్రస్తావన వచ్చింది కనుక వీసా గురించి కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. బ్రిటన్‌లో ఇంటిపని కోసం విదేశాల నుంచి వచ్చేవారు యజమానిని మార్చుకోగల వెసులుబాటు 1998 నుంచి ఉండేది. 2012లో ప్రభుత్వం దాన్ని తీసేసింది. 2015లో అదే ప్రభుత్వం ఆధునిక బానిసత్వ నిరోధానికి ఒక చట్టం చేసి లోకానికంతటికీ ఆదర్శమని చాటుకుంది. యజమానిని వదిలి వెళ్తే దేశంలో ఉండే హక్కే పోయే పరిస్థితిలో ఇంటిపనివారిని పెట్టి, బానిసత్వం మీద చట్టం చేయడానికి అసాధారణమైన నిర్వికారం కావాలి. విమర్శలు వచ్చాక 2016లో యజమానిని మార్చుకోవచ్చన్నారు, కానీ పొడిగింపు లేని ఆ 6 నెలల వీసా గడువు లోపలే. ఇంకా నెలన్నరలో వెళ్లిపోవలసిన మనిషిని పనిలో పెట్టుకునే ఉదారుడైన కొత్త యజమాని ఎక్కడ దొరుకుతాడో కరపత్రంలో రాయలేదు. కార్మికుడి వీసానూ ఉద్యోగ మార్పునూ యజమాని చేతిలో పెట్టే గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతిని తిట్టడం మనకు అలవాటే. ఖతార్ 2020లో పాత యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చని చట్టం మార్చింది. తిట్లు తిన్నవాళ్లు కాగితం మీదైనా దిద్దుకున్నారు, తిట్టినవాళ్లు దీపాలు పెట్టుకున్నారు.

పైన చెప్పిన 2015 చట్టంలోని 54వ సెక్షను ఈ వ్యాసకర్తకు మరీ ప్రీతిపాత్రమైనది. ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆపైన టర్నోవరు ఉన్న కంపెనీలు తమ సరఫరా గొలుసుల్లో బానిసత్వం లేకుండా ఏ చర్యలు తీసుకున్నాయో ఏటేటా ఒక ప్రకటన ఇవ్వాలి. ఏ చర్యలూ తీసుకోకపోతే? ఏ చర్యలూ తీసుకోలేదని ప్రకటించినా చట్టాన్ని పాటించినట్టే. ఇది ఈ వ్యాసకర్త కల్పన కాదు, సెక్షనులోనే ఉంది. హోంవర్కు చేయలేదని నోటుపుస్తకంలో రాసుకొచ్చిన పిల్లవాడికి మార్కులు వేసే బడి మరెక్కడా లేదు.

పట్టువదలక ఫోను చేసి, బయటపడి, అధికారుల ముందుకు వచ్చిన బాధితుడికి ఏమవుతుందన్న ప్రశ్న మిగిలింది. ‘ధైర్యంగా ముందుకు రండి’ అని గోడపత్రిక పిలుస్తుంది. వచ్చాక ముందుగా చూసేది వీసా గడువు. గడువు దాటి ఉంటే, బాధితుడు కావచ్చునన్న అనుమానం కన్నా అక్రమంగా ఉంటున్నాడన్న నిశ్చయమే త్వరగా కలుగుతుంది. మళ్లీ బ్రిటన్‌నే చూస్తే, ఒక మనిషి నిజంగా బాధితుడేనని తుది నిర్ణయం చెప్పడానికి 2022లో సగటున 500 రోజులు దాటిపోయింది. అతణ్ని అమ్మడానికి అన్ని రోజులు పట్టి ఉండదు.

దేశాలకు మార్కులు వేసే పని అమెరికాది. 2000లో చట్టం చేసి, 2001 నుంచి ఏటా నివేదిక విడుదల చేస్తూ, ఒక్కో దేశాన్ని ఒక్కో శ్రేణిలో కూర్చోబెడుతుంది. తనకు తాను మార్కులు వేసుకోవడం 2010లో ప్రారంభించింది. వచ్చింది మొదటి శ్రేణి. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం. ఈ నివేదికల్లో ‘నివారణ’ అన్న భాగం ఉంటుంది, ఏయే ప్రభుత్వం ఏయే ప్రచార కార్యక్రమాలు నిర్వహించిందో అక్కడ నమోదవుతుంది. ఎన్ని సదస్సులు, ఎన్ని బడులు, ఎన్ని వేల మందికి అవగాహన అన్న అంకెలను అక్కడ చూపించుకోవచ్చు. ఎవరు అమ్ముడుపోకుండా ఆగారన్నది లెక్కకు అందదు, అచ్చయిన కరపత్రాలు మాత్రం లెక్కకు అందుతాయి. లెక్కకు అందేదాన్నే చేయడం బాధ్యతాయుతమైన పరిపాలన.

అందని లెక్కలను కూడా వేసేవాళ్లు లేకపోలేదు. ప్రపంచంలో నిర్బంధ శ్రమలో ఉన్నవారు 2016లో 2 కోట్ల 49 లక్షలని అంచనా వేసిన అంతర్జాతీయ కార్మిక సంస్థ, 2021 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 76 లక్షలకు చేరిందని చెప్పింది. వారి శ్రమ మీద ఏటా వచ్చే అక్రమ లాభం 23,600 కోట్ల డాలర్లని 2024లో లెక్కకట్టింది; పదేళ్ల కిందటి అంచనా 15,000 కోట్లు. ఇంతటి ఎదుగుదల ఉన్న రంగానికి అవగాహన లేదని ఎవరైనా అంటే ఈ వ్యాసకర్త ఒప్పుకోడు. ఏ దేశం వీసా ఎవరి చేతిలో ఉంటుందో, ఎక్కడ కార్మిక తనిఖీ అధికారులు తక్కువో, ఫిర్యాదు చేసినవాణ్ని ఎవరు ముందు వెనక్కి పంపేస్తారో ఆ రంగంలోనివారికి కంఠతా వచ్చు.

కాబట్టి ఒక చిన్న ప్రతిపాదనతో ముందుకు రావడానికి సాహసిస్తున్నాను. వచ్చే జూలైలో ఒక కరపత్రాన్ని గోడల మీద కాక, వీసా నిబంధనలు రాసే గదిలో, ఏజెంట్ల లైసెన్సు ఫైలు కదిలే బల్ల మీద, కార్మిక తనిఖీకి నిధులు కోసే సమావేశంలో పంచాలి. అందులో ఆ 11 సూచికలూ వరుసగా ఉండాలి. ఒక్కోదాని ఎదురుగా ‘ఇది సాధ్యమయ్యేలా మన నిబంధనల్లో ఏముంది?’ అన్న ప్రశ్న, జవాబుకు రెండు గీతల ఖాళీ, అడుగున అధికారి సంతకానికి చోటు ఉండాలి. ముద్రణ వ్యయం గురించి ఆర్థిక శాఖ కలవరపడనవసరం లేదు. ప్రతి కార్యాలయం గోదాములోనూ పంచగా మిగిలిన కరపత్రాల కట్టలు ఉండనే ఉంటాయి. వాటికి ఒకవైపే అచ్చు ఉంది.