సాగే తాడే అసలు కథానాయిక

జపాన్ వంటవాళ్ల నోట ఒక మాట వినిపిస్తుంది: ఉమిహరా కవాసే. సముద్రపు చేపకు పొట్ట రుచి, ఏటి చేపకు వీపు రుచి అని దాని భావం. 1994 డిసెంబరులో సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద వచ్చిన ఓ వీడియో ఆటకూ, అందులోని వంటమ్మాయికీ ఈ మాటనే పేరుగా పెట్టేశారు. ఆ పిల్ల వీపున సంచి, చేతిలో గాలం. ఎదురుగా కాళ్లు మొలిచి నడుచుకుంటూ వచ్చే చేపలు. గాలం విసిరితే చేప సొమ్మసిల్లుతుంది, లాక్కుని సంచిలో వేసుకోవడమే. ఇదంతా ఎందుకని ఆట చెప్పదు. మనకూ అడగాలనిపించదు, ఎందుకంటే మొదటి నిమిషం నుంచే ధ్యాసంతా గాలానికున్న తాడు మీద ఉంటుంది.

కొక్కెం విసిరి వేలాడే ఆటలు అంతకు ముందూ ఉన్నాయి. క్యాప్‌కామ్ వారి బయోనిక్ కమాండో 1987 నాటిది. అందులో హీరోకున్న ఇనుప చెయ్యి కర్రలా బిగుసుకుని ఉంటుంది. కొక్కెం తగిలాక అతను ఊగే ఊపు ముందే ఖాయం. కియోషి సకాయ్ రూపొందించిన ఉమిహరా కవాసేలో తాడుకు రబ్బరు గుణం ఉంది. చుట్టుకుంటే పొట్టిదవుతుంది, వదిలితే పొడవవుతుంది, బరువు పడితే సాగుతుంది, సాగినంత గట్టిగా వెనక్కి గుంజుతుంది. ఉండేలు బద్దె లాగి వదిలిన వాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే, ఇక్కడ ఎగిరిపడే రాయి మనమే.

కొండ అంచులాంటి చోట నిలబడ్డామనుకోండి. పైన ఇంకో గట్టు ఉంది, దూకితే అందదు. చెయ్యాల్సింది పైకి ఎగరడం కాదు. అంచుకి కొక్కెం తగిలించి కిందకి దూకెయ్యాలి. తాడు సాగుతూ పోతుంది, అమ్మాయి తెర అడుగు దాకా జారిపోతుంది, ఒక క్షణం గాల్లో ఆగినట్టవుతుంది. సరిగ్గా అప్పుడు తాడు చుట్టడం మొదలుపెడితే, రబ్బరు గుంజుడూ మన చుట్టుడూ కలిసి ఆమెను గట్టు దాటించి పైకి విసిరేస్తాయి. చెప్పడానికి నాలుగు వాక్యాలు. నాకైతే మొదటిసారి ముప్పావు గంట పట్టింది. ఇప్పుడు రెండు సెకన్ల పని. ఈ మధ్యలో ఆట నాకు కొత్త ఆయుధం ఇవ్వలేదు, శక్తి పెంచలేదు. మారింది నా బొటనవేలే.

పక్కకి ఊగడంలోనూ ఇంతే. ఊపు అడుగుకు వచ్చిన క్షణాన తాడు కురచ చేసి, చివర్లో వదులు చేస్తూ పోతే వేగం పెరుగుతుంది. అట్లతద్ది ఉయ్యాల ఎక్కి, కిందకి వచ్చినప్పుడు లేచి నిలబడి, కొసన గొంతుక్కూర్చునే వాళ్లు చేసేది ఇదే భౌతికశాస్త్రం. తాడు పొడవు నాలుగో వంతుకి తగ్గితే ఒక ఊపుకి పట్టే కాలం సగమవుతుందన్న లోలకం లెక్క బడిలో అందరం బట్టీ పట్టాం. ఆ లెక్క చేతికి తెలియడం వేరు.

అందుకే నా వాదన: ఈ ఆట అంటే బొమ్మలు, అంచెలు, చేపలు కాదు. తాడు ఎంత సాగాలి, ఎంత గుంజాలి అని ప్రోగ్రాంలో రాసిన కొద్దిపాటి అంకెలే ఆట. దీనికి రుజువు కూడా ఉంది. 1997లో ప్లేస్టేషన్ మీద రెండో ఆట ‘షున్’ వచ్చింది. దాన్ని 2008లో పీఎస్‌పీ అనే చేతిలో పట్టే గేమ్ యంత్రానికి తెచ్చినప్పుడు అమ్మాయీ ఉంది, చేపలూ ఉన్నాయి, తాడు మాత్రం మునుపటిలా నడుచుకోలేదు. ఏళ్ల తరబడి ఆడినవాళ్ల చేతివాటం అక్కడ చెల్లలేదు. వాళ్లు మండిపడ్డారంటే పడరా మరి! మరుసటి ఏడాది డీఎస్ అనే మరో చేతి యంత్రం మీద వచ్చిన కూర్పుతో గానీ వాళ్లు శాంతించలేదు. పాత ఆటలను భద్రపరుస్తున్నామని చెప్పే కంపెనీలు బొమ్మల మెరుగు గురించి గొప్పలు పోతుంటే నాకు ఈ పీఎస్‌పీ ముచ్చటే గుర్తొస్తుంది.

2013లో 3డీఎస్ మీద మూడో ఆట వచ్చింది, పేరే ‘సయోనారా ఉమిహరా కవాసే’, అంటే వీడ్కోలు. అమెరికాలో దాన్ని ‘యూమీస్ ఆడ్ ఆడిసీ’గా మార్చడంతో వంటింటి సామెత కాస్తా గంగలో కలిసింది. పోతే పోయింది, తాడు మాత్రం చెక్కుచెదరలేదు. అందులో కాలాన్ని నెమ్మది చేయగల పాత్రను చేర్చారు. కొత్తవాళ్లకి ఊతం కావాలి కాబట్టి దీన్ని నేను తప్పు పట్టను. నిజానికి మొదటి ఆట కొత్తవాళ్లపట్ల మరీ నిర్దయగా ఉంటుంది, పాత అభిమానులు దాన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

వీడ్కోలు చెప్పిన ఆట 2019లో ‘ఫ్రెష్’ పేరుతో స్విచ్ మీద తిరిగొచ్చింది. ఈసారి ఊళ్లో జనం అప్పగించే పనులు, తిళ్లు, వేరే ఆటల నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పాత్రలు కూడా. ఎవరికో భోజనం అందించడానికి ఊగుతున్నప్పుడు మనసు ఊపు మీద ఉండదు, చేయాల్సిన పని మీద ఉంటుంది. 2020 నాటి ‘బజూకా’ ఇంకో అడుగు వేసి, ఒకే తెరలో శత్రువుల్ని పట్టి విసిరేసే ఆటగా మారింది. నలుగురు చేరితే సరదాగానే ఉంటుంది, కాదనను. నేనూ అరగంట ఆడాను. తర్వాత 1994 నాటి ఆట తెరిచి, అదే పాత అంచుకి కొక్కెం తగిలించి కిందకి దూకాను.